గోదారి దిక్కు గది

ఎల్లస్వామి చుట్టాల్లో ఎవరికి పెళ్ళి కుదిరినా ముందు పంతులుకు కబురు పోతుంది, ఆ తర్వాత ఎల్లస్వామికి. పంతులు ముహూర్తం పెడతాడు. ఆ ముహూర్తానికి మనుషులు ఏ దారిన రావాలో, వచ్చినవాళ్ళు ఎక్కడ పడుకోవాలో ఎల్లస్వామి చెబుతాడు. ముహూర్తం దగ్గర ఒక పంతులు మాట ఇంకో పంతులుకు నచ్చదు గానీ, విడిది దగ్గర ఎల్లస్వామి మాటకు ఇంతవరకు ఎదురు లేదు. కనీసం ఆయన అలాగే అనుకుంటాడు.

టేకులపల్లిలో తన ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, ఫోను నోటికి అడ్డంగా పట్టుకుని, వీధి చివరిదాకా వినబడేలా ఆయన వాయిస్ మెసేజ్ చెబుతుంటే, పక్కింటివాళ్ళు ఎవరిదో పెళ్ళి దగ్గరపడిందని తెలుసుకుంటారు. టైపు చెయ్యడం చేతకాక కాదు. రాసిన మాటలో కేక ఉండదని, కేక లేని మాట చుట్టాల చెవికెక్కదని ఆయన నమ్మకం.

“అందరికి నమస్తే. ఎల్లస్వామి మాట్లాడుతున్న. ఇనుండ్రి. ఇనుకుంట ఇంకో పని పెట్టుకోకుండ్రి. పట్నం కెల్లి రైలుకు వచ్చేటోళ్ళకు చెప్తున్న. టికెట్ మీద భద్రాచలం రోడ్డు అని ఉంటది. దిగంగనే రాములవారి గుడి ఏదని అడిగి నవ్వులపాలు కాకుండ్రి. అది కొత్తగూడెం. గుడికి ఇంకా మస్తు దూరం ఉన్నది, నడుమ పాల్వంచ, ఆ తర్వాత గోదారి. బస్టాండుకు పోయి బస్సెక్కుండ్రి. ఇంక రూముల్ల దిగినంక కిటికీ తెరవకుండ్రి. కోతులు. పోయినసారి మా బామ్మర్ది పెండ్లాం పట్టుచీర ఒక కోతి కట్టుకున్నంత పని చేసింది.”

ఇలా సాగుతుంది. విన్నవాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకుంటూనే చెప్పినట్టు చేస్తారు. ఎందుకంటే ఒకసారి చెప్పినట్టు చెయ్యని మేనల్లుడొకడు మిట్టమధ్యాహ్నం కొత్తగూడెం స్టేషన్ బయట నిలబడి గోదావరి ఎటువైపు అని అడిగాడు. ఆ కథ ఎల్లస్వామి ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ చెబుతాడు, ఆ మేనల్లుడు ఎదురుగా ఉంటే ఇంకొంచెం పెంచి చెబుతాడు.

దారి చెప్పడం సరే, చాలామంది చెబుతారు. ఆయన అసలు పనితనం పడకల దగ్గరే. పది గదులుంటే పాతిక కుటుంబాలను సర్దుతాడు, ఎవరూ నేల మీద పడుకోరు. ఈ విద్య ఆయనకు బొగ్గుబాయి నేర్పింది. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒకే క్వార్టర్లో ఆరుగురు పెళ్ళికాని కుర్రాళ్ళు, రెండే మంచాలు. ఫస్టు షిఫ్టువాడు లేచి బాయికి పోతే, నైటు షిఫ్టువాడు వచ్చి అదే మంచంలో పడేవాడు. వాడు లేచేసరికి ఇంకొకడు తయారు. దుప్పటి ఎవరిదో, దిండు ఎవరిదో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మంచం మాత్రం ఎప్పుడూ చల్లారేది కాదు. చలికాలంలో పక్కలో చేరగానే ముందు పడుకున్నవాడి వెచ్చదనం ఒంటికి తగిలేదనీ, అంత సుఖమైన నిద్ర తర్వాత పరుపుల మీద కూడా రాలేదనీ ఎల్లస్వామి అంటాడు.

ఆ అలవాటు ఆయన్ని వదల్లేదు. మనుషులు లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే కొందరి ప్రాణం ఎలా గిలగిల్లాడుతుందో, ఖాళీ మంచం చూస్తే ఎల్లస్వామికి అలా అవుతుంది. చుట్టాల్లో సగం మంది బాయి పనివాళ్ళే కాబట్టి ఈ పద్ధతి చక్కగా నడిచింది. డ్యూటీ దిగి వచ్చినవాళ్ళకు పగటి పడక, ఊరి నుంచి వచ్చిన ముసలివాళ్ళకు రాత్రి పడక. “నీది ఏ షిఫ్టు?” అని ఒకరినొకరు అడుక్కుని నవ్వుతూ దిండు మార్చుకునేవాళ్ళు.

ఆయన కూతురు తిరుమల పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి కథ మారింది.

తిరుమల ఖమ్మంలో ఒక ల్యాబులో పని చేస్తుంది. ఖానాపురం హవేలిలో ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి గది కిరాయికి తీసుకుంది. అక్కడి నుంచి రోజూ ఊళ్ళోకి వచ్చే షేర్ ఆటోలో నాగచైతన్య పరిచయమయ్యాడు. బ్యాంకు ఉద్యోగం, నెమ్మదైన మనిషి, ఆటోలో చోటు లేకపోతే డ్రైవర్ పక్కన సగం గాలిలో కూర్చుని ఆడవాళ్ళకు చోటిచ్చే రకం. రెండేళ్ళ తర్వాత ఇద్దరూ ఇంట్లో చెప్పారు. నాగచైతన్యవాళ్ళది కల్లూరు. మామిడి తోటలు, వరి పొలాలు, ఎరువుల దుకాణం. తాతల కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. తండ్రి జయప్రకాశ్, తల్లి ప్రమీలారాణి కొన్నాళ్ళు ముఖాలు ముడుచుకుని, కొడుకు మాట కాదనలేక చివరికి సరేనన్నారు. కాకపోతే ఆ ఇంట్లో సరే అనాల్సిన మనిషి వాళ్ళు కాదు. జయప్రకాశ్ తండ్రి చెంచురామయ్య, ఎనభై దాటిన పెద్దాయన.

మాటలకు కల్లూరు వెళ్ళిన రోజు చెంచురామయ్య వాకిట్లో పడక్కుర్చీలో కూర్చుని తిరుమలను ఒకసారి చూశాడు. ఆ తర్వాత ఎల్లస్వామి వైపు తిరిగాడు.

“పిల్ల మంచిది. మనవడి మనసు విరవను. కానీ ఉన్నమాట ముందే చెబుతున్నాను. పెళ్ళికి వస్తాను, అక్షింతలు వేస్తాను, కారెక్కుతాను. మీ చోట మెతుకు ముట్టను. నిద్ర చెయ్యను.”

వియ్యం అందుకున్నాక అవతలివాళ్ళ అన్నం తిని, వాళ్ళు చూపిన చోట ఒక నిద్ర చేస్తేనే చుట్టరికం కుదిరినట్టు. పెద్దవాళ్ళెవరికీ ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. నిద్ర చెయ్యనంటే, పిల్లను తెచ్చుకుంటాను గానీ మిమ్మల్ని నా వాళ్ళు అనుకోను అని.

“గట్లనకుండ్రి మామగారూ,” అన్నాడు ఎల్లస్వామి.

“వరసలు అప్పుడే కలపకు, ఎల్లస్వామీ,” అన్నాడు చెంచురామయ్య. కోపంగా కాదు, మామూలుగానే. ఆ మామూలుతనమే ఎక్కువ బాధపెట్టింది.

తిరుగు ప్రయాణంలో బండి తల్లాడ దాటింది. తర్వాత తిరుమల కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. “బాపూ, ఆ ఇంట్ల తాతయ్య తినంది ఎవరు తినరు. ఆయన కాదన్న మనిషిని ఎవరు దగ్గరికి తియ్యరు. నాతోని అందరు మంచిగనే మాట్లాడుతరు. కానీ రేపు నువ్వు నన్ను చూడనీకి వస్తే, గడప అవతల కుర్చీ వేసి చాయ్ ఇచ్చి పంపిస్తరు. నాకు గా మర్యాద చాలదు. ఆయన ఒక్క నిద్ర చేస్తే అంతా మారుతది.”

“చేస్తడు,” అన్నాడు ఎల్లస్వామి.

“ఎట్ల?”

“ఎట్లనో నాకు ఇడిసిపెట్టు. ఇన్ని వందల మందిని పండబెట్టిన, ఒక్క ముసలాయన్ని పండబెట్టలేనా?”

అలా అనేశాడు గానీ, ఎలాగో ఆయనకూ తెలియదు. ధైర్యం మాత్రం పుట్టుకతో వచ్చింది, వాడకపోతే పాడైపోతుందన్నట్టు ఎప్పుడూ వాడుతూనే ఉంటాడు.

పెళ్ళి భద్రాచలంలో అనుకున్నారు. రాముడి పాదాల దగ్గరైతే అటువైపు ఇటువైపు అన్న మాట రాదని రెండు కుటుంబాలూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే. వైశాఖ మాసం, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ముహూర్తం. అదే రోజు ఆ ఊళ్ళో ఇంకా ఎన్ని పెళ్ళిళ్ళున్నాయో రాముడికే తెలియాలి. గదుల కోసం ఎల్లస్వామి రెండు నెలల ముందే వెళ్ళి, గోదావరి కరకట్టకు దగ్గర్లో ఒక మూడంతస్తుల లాడ్జి మొత్తం మాట్లాడుకున్నాడు. కింది అంతస్తు మగపెళ్ళివారికి. పై రెండూ తనవాళ్ళకు. కింద చివరి గది కిటికీ తెరిస్తే గోదావరి కనిపిస్తుంది. వేసవి కదా, నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. అయినా గోదావరి గోదావరే. మంచి పరుపు, చల్లగా పనిచేసే ఏసీ. “గా గది చెంచురామయ్య గారిది,” అని లాడ్జి మేనేజరు సీతయ్యకు చెప్పి తాళంచెవి ఒకటి తన జేబులో వేసుకున్నాడు.

“ఆయన ఉండనే ఉండనన్నడు గద,” అంది ఆయన భార్య బతుకమ్మ.

“ఉంటడు.”

“సరే ఉంటడు. నేను చెప్పేదేందంటే, నీ షిఫ్టుల ముచ్చట కింది అంతస్తుల పెట్టకు. మనోళ్ళకు నడుస్తది, వాళ్ళకు నడవది. ఒకరు పండుకున్న పక్కల ఇంకొకరిని పండబెడితే మర్యాద పోయిందంటరు.”

“నాకు తెల్వదా?”

“నీకు తెల్వదు. రాములోరి మీద ఒట్టు పెట్టు.”

ఎల్లస్వామి ఒట్టు పెట్టాడు. పెట్టేటప్పుడు మనస్ఫూర్తిగానే పెట్టాడు.

పెళ్ళికి వారం ముందు వరండాలో కుర్చీ వేసుకుని, తన జీవితంలోకెల్లా పెద్ద మెసేజ్ చెప్పాడు. రైలు సంగతి, కోతుల సంగతి అయ్యాక గొంతు సవరించుకుని మరీ చెప్పాడు. “ఎండలు మండుతున్నయి. పెద్దోళ్ళు, చిన్నపిల్లలున్నోళ్ళు తెల్లారకముందే బయలుదేరుండ్రి. ఎండెక్కినంక రోడ్డు మీద ఉండొద్దు. సాయంత్రం ముహూర్తం గద, మధ్యాహ్నం పోదామనుకునేటోళ్ళు పెండ్లికి కాదు, దవాఖానాకు వస్తరు. ఇంకో మాట. పెండ్లి అయినంక చీకట్ల ఎవ్వరు వాపస్ పోవద్దు. అడివి దారి, లారీలు జోరుగ వస్తయి. పండుకోనీకి చోటు నేను చూపిస్త. చోటు లేదన్న మాట ఎల్లస్వామి నోట్ల నుంచి రాదు.”

ఆ మెసేజ్ జయప్రకాశ్‌కు కూడా పంపించాడు. అటు నుంచి ఒక నమస్కారం బొమ్మ వచ్చింది.

పెళ్ళి రోజు తెల్లవారేసరికి ఆయన చెప్పిన చుట్టాలంతా చెప్పిన దారుల్లోనే వచ్చారు. ఆయన మెట్ల దగ్గర నిలబడి ట్రాఫిక్ పోలీసులా చేతులు ఊపుతూ పైకి, ఇంకా పైకి అని పంపించాడు. అంతలో మూడో అంతస్తుకు నీళ్ళెక్కడం లేదని కబురొచ్చింది. మోటరు కాలిపోయిందని, సాయంత్రానికి గానీ బాగుకాదని సీతయ్య చేతులు పిసుక్కున్నాడు. ఎల్లస్వామి బెదరలేదు. మూడో అంతస్తు జనాన్ని రెండో అంతస్తుకు దించి, మంచానికి నలుగురు పిల్లల్ని అడ్డంగా పడుకోబెట్టి, ముసలమ్మలను గోడవారగా సర్ది, అందరికీ చోటు చూపించాడు. చివరి దుప్పటి పరిచి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే చందర్ వచ్చాడు.

చందర్ బతుకమ్మ తమ్ముడు. మణుగూరు వైపు బాయిలో పని. సెలవు దొరక్క రాత్రి షిఫ్టు చేసి, అటు నుంచి అటే బండి మీద వచ్చాడు. స్నానం చేసినా కళ్ళ అంచుల్లో బొగ్గు కాటుక పెట్టినట్టే ఉంది. నిలబడే తూగుతున్నాడు.

“బావా, ఏదన్న ఒక మూల చూపెట్టు, చాలు,” అన్నాడు. “సాయంత్రం గంప ఎత్తాలె గద.”

సాయంత్రం పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తేవాల్సింది మేనమామ. ఆ మేనమామ చందర్. వాడు నిద్ర లేక తూలితే పిల్ల గంపతో సహా కిందపడుతుంది. ఎల్లస్వామి రెండు అంతస్తులూ మనసులోనే తిరిగి వచ్చాడు. మూల కాదు కదా, మోకాలు మడిచే చోటు కూడా లేదు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. తాళంచెవి తగిలింది.

గోదారి దిక్కు గది. మెత్తటి పరుపు, తెల్లటి దుప్పటి. మనిషి లేడు. సాయంత్రం దాకా రాడు. వచ్చినా పడుకోనని ముందే చెప్పాడు. అంత మంచం అలా ఊరికే పడి ఉంది. ఎల్లస్వామి ప్రాణం గిలగిల్లాడింది. ఒట్టు గుర్తుకొచ్చింది. దుప్పటి మార్చేస్తే సరిపోతుందని ఒట్టుకు సర్దిచెప్పాడు.

“గిట్ల రా. చప్పుడు చెయ్యకు. మూడు గంటలకు లేపుత,” అన్నాడు.

చందర్ చొక్కా విప్పి బనియన్ మీదే మంచం అంచున ముడుచుకుని పడుకున్నాడు. తల దిండుకు తగిలిందో లేదో, గురక మొదలైంది. తలుపు దగ్గరగా వేసి ఎల్లస్వామి బయటికి వచ్చాడు. అంతలో మగపెళ్ళివారు దిగారు. బ్యాండు, ఎదురుకోలు, బెల్లం పానకం, అత్తరు. ఎవరి గదులు వాళ్ళకు చూపించి, అందరూ బాగుందన్నాక, వంటలు చూసుకోవడానికి ఆయన పక్క సందులో ఉన్న కల్యాణమండపానికి వెళ్ళాడు. పప్పుచారు రుచి చూస్తుండగా ఫోను మోగింది. జయప్రకాశ్.

“బావగారూ, ఒకసారి లాడ్జికి రండి. మా నాన్నగారు వచ్చేశారు. ఆయన గదిలో ఎవరో ఉన్నారు.”

గరిటె అక్కడే పడేశాడు. పక్క సందు అంత దూరం ఉంటుందని ఎల్లస్వామికి అంతవరకు తెలియదు. పంచె కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరిగెత్తాడు.

గది ముందు నడవ నిండా జనం. తలుపు వేసి ఉంది. ప్రమీలారాణి ముఖం జేవురించి ఉంది.

“అన్నయ్యగారూ, ఇదేనా మర్యాద? మామయ్యగారు రావడమే ఎక్కువ. ఎండ పడకముందే డ్రైవర్ గణేష్ చేత కారు తీయించి, మాకు చెప్పకుండా వచ్చారు. కాసేపైనా కూర్చుంటారు గదా అని సంతోషపడి గది చూపిద్దామని తలుపు తోస్తే, లోపల ఎవరో బనియన్ వేసుకుని గురకపెడుతున్నాడు! ఆయన మంచం మీద!”

“పెద్దాయన ఏమన్నరు?” అన్నాడు ఎల్లస్వామి.

“ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది. అలా చూస్తూ నిలబడ్డారు. దగ్గరికి వెళ్ళి పరుపు మీద చెయ్యి వేసి చూశారు. నన్ను బయటికి వెళ్ళమని లోపల గడియ పెట్టుకున్నారు. అరగంట అయింది. పిలిచినా పలకడం లేదు.”

బతుకమ్మ వచ్చింది. సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది ఆమెకు. మొగుడి ముఖం చూసింది, జేబు చూసింది. మెట్ల మీద తిరుమల నిలబడి ఉంది, చేతులకు గోరింటాకు, బుగ్గన చుక్క, చీర ఇంకా సగమే కట్టి మీద తువ్వాలు కప్పుకుని. ఆ పిల్ల కళ్ళలోకి చూసే ధైర్యం ఎల్లస్వామికి రాలేదు. జీవితంలో మొదటిసారి ఆయనకు సిగ్గేసింది. ఇంతమందికి చోటు చూపించి, కూతురికి చోటు లేకుండా చేశాననుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

లోపలికి వెళ్ళి కాళ్ళ మీద పడదామని తలుపు దగ్గరికి నడిచాడు. కొట్టబోయే ముందు అలవాటుగా చెవి ఆనించాడు. లోపల చందర్ గురక. అది ఆయనకు తెలిసిందే, రాళ్ళ మీద బండి పోయినట్టుంటుంది. చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఇంకో చప్పుడు ఉంది. సన్నగా, ఈల వేసినట్టు, మధ్య మధ్య ఆగి మళ్ళీ.

ఎల్లస్వామి జనం వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించాడు. ఎవరికీ అర్థం కాలేదు. జయప్రకాశ్‌ను దగ్గరికి లాగి అతని చెవి తలుపుకు ఆనించాడు. జయప్రకాశ్ కాసేపు విన్నాడు. ముఖం మారింది.

“అది నాన్నగారిదే,” అన్నాడు మెల్లగా. “చిన్నప్పటి నుంచి వింటున్నాను.”

“పండుకున్నడా?”

“పడుకున్నారు.”

అప్పుడు బతుకమ్మ ముందుకు వచ్చింది. “ఎవ్వరు తలుపు కొట్టకుండ్రి. చెప్పులు ఇడిసి నడువుండ్రి. ఎవరన్న పోయి బ్యాండోళ్ళను ఆపుండ్రి!” ఆమె చెప్పినంత వేగంగా జనం చెదిరిపోయారు, అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసి, మునివేళ్ళ మీద. ఎల్లస్వామి మాత్రం ఒక కుర్చీ లాక్కుని తలుపు పక్కన కాపలా కూర్చున్నాడు. ఫోను మోగితే నొక్కేశాడు. చందర్‌ను మూడింటికి లేపుతానన్న మాట గుర్తుకొచ్చినా కదల్లేదు.

ఎండ తగ్గుముఖం పట్టాక గడియ తీసిన చప్పుడైంది. చెంచురామయ్య గుమ్మంలో నిలబడ్డాడు. తెల్లజుట్టు ఒకవైపు నిక్కబొడుచుకుని, చెంప మీద దిండు గీత పడి ఉంది.

“మంచినీళ్ళున్నాయా?” అన్నాడు.

ఎల్లస్వామి లేచేలోపే తిరుమల గ్లాసుతో వచ్చింది. ఎప్పటి నుంచి అక్కడ నిలబడి ఉందో. గోరింటాకు చేతుల్లోంచి గ్లాసు అందుకుని పెద్దాయన గటగటా తాగేశాడు. ఖాళీ గ్లాసు ఆమెకే తిరిగి ఇచ్చాడు.

“తప్పయింది,” అన్నాడు ఎల్లస్వామి. “మా బామ్మర్ది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిండు. చోటు లేక...”

“తెలుసులే. మధ్యలో ఒకసారి లేచాడు. నన్ను పక్కన చూసి దడుచుకుని, కింద పడుకుంటానన్నాడు. పిల్ల మేనమామనని కూడా చెప్పాడు. నోరు మూసుకుని పడుకోమన్నాను.” పెద్దాయన గుమ్మం గొళ్ళాన్ని పట్టుకున్నాడు. “నాకు కోపం రాలేదనుకోకు. బాగానే వచ్చింది. లేపుదామనే దగ్గరికి వెళ్ళాను. పరుపు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.”

ఎల్లస్వామికి అర్థం కాలేదు.

“మేం వచ్చిన కొత్తల్లో కల్లూరు పక్కన అంతా అడివే,” అన్నాడు చెంచురామయ్య. “మాకు ఇల్లు లేదు. జంపయ్య అని ఆ ఊరి మనిషి, తన కొట్టంలో చోటిచ్చాడు. ఒకటే నులకమంచం. పందులు పడకుండా చేను కాయాలి. సగం రాత్రి మా నాన్న కాపలా, సగం రాత్రి జంపయ్య. ఒకరు లేస్తే ఒకరు పడుకునేవాళ్ళు. నేను చిన్నవాణ్ణి, మధ్యలో అటు తిరిగితే నాన్న, ఇటు తిరిగితే జంపయ్య. మంచం ఎప్పుడూ వెచ్చగానే ఉండేది. మా నాన్న పోయినప్పుడు నాకంటే జంపయ్యే ఎక్కువ ఏడ్చాడు. ఇవాళ్టిదాకా ఇదంతా మర్చిపోయాను, ఎల్లస్వామీ. చెయ్యి వెయ్యగానే గుర్తొచ్చింది. ఇంక నిలబడబుద్ధి కాలేదు.”

ఆయన నిక్కబొడుచుకున్న జుట్టు చేత్తో సవరించుకున్నాడు.

“ఇంతకీ అన్నం పెడతావా? లేకపోతే అది కూడా షిఫ్టుల ప్రకారమేనా?”

ఆ షిఫ్టుల మాట ఆయనకు ఎవరు చెప్పారో ఎల్లస్వామి అడగలేదు. లోపల చందర్ గురక ఆగిపోయి ఉంది. ఎల్లస్వామి పెద్దాయన చెయ్యి పట్టుకుని పక్క సందులోకి తానే నడిపించుకుపోయాడు. బతుకమ్మ విస్తరి వేసింది. పప్పుచారు రెండోసారి పోయించుకున్నప్పుడు ప్రమీలారాణి దూరం నుంచి చూస్తూ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దీపాలు పెట్టే వేళకు చందర్ గంప ఎత్తాడు. ఎక్కడా తూలలేదు. తిరుమల పీటల మీదికి చేరింది, తాళి కట్టించుకుంది. అక్షింతలు వేసేటప్పుడు చెంచురామయ్య ముందు వరసలో నిలబడి పిడికిలి నిండా పట్టుకుని వేశాడు. సగం ఎల్లస్వామి మీద పడ్డాయి.

అందరూ మండపం నుంచి లాడ్జికి చేరేసరికి డ్రైవర్ గణేష్ కారు లాడ్జి ముందు పెట్టి, తలుపు తీసి నిలబడ్డాడు. జయప్రకాశ్ తండ్రి దగ్గరికి వచ్చాడు. “నాన్నా, బయలుదేరతారా? కారు వచ్చింది.” తిరుమల నాగచైతన్య పక్కన కొంగుముడితో నిలబడి వింటోంది. పగటి నిద్ర నిద్ర కిందికి వస్తుందో రాదో ఏ పంతులూ ఎల్లస్వామికి చెప్పలేదు.

“చీకట్లో ఎలా వెళ్తామురా?” అన్నాడు చెంచురామయ్య విసుగ్గా. “అడివి దారి, లారీలు జోరుగా వస్తాయని మెసేజీలో చెప్పాడు గదా. నువ్వు వినలేదూ? నేను రెండుసార్లు విన్నాను. తెల్లారకముందే బయలుదేరమన్నాడు, బయలుదేరాను. రాత్రి వెళ్ళొద్దన్నాడు, వెళ్ళను. చోటు చూపిస్తానని కూడా అన్నాడు.”

అంటూనే గోదారి దిక్కు గది వైపు నడిచాడు. తిరుమల నాగచైతన్య చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎల్లస్వామి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. మూడో అంతస్తులో నీళ్ళు ఇంకా రాలేదని, పిల్లలకు పడక కావాలని, కింద చివరి గది ఖాళీగా ఉందట కదా అని చుట్టాలు అడుగుతున్నారు. ఫోను నోటికి అడ్డంగా పట్టుకున్నాడు. కేక వెయ్యబోయి, చివరి గది తలుపు వైపు చూసి ఆగాడు. మెల్లగానే చెప్పాడు.

“ఎల్లస్వామి మాట్లాడుతున్న. గోదారి దిక్కు గది ఎవ్వరు అడగకుండ్రి. చోటు లేదు. అండ్ల మా మామ పండుకున్నడు.”